చవక కెమెరా కొనాలా వద్దా? డబ్బు కట్టేముందు ఇవి చూస్కోండి

ఇంట్లో పాప పుట్టిందనో, టూర్ ప్లాన్ చేశామనో, రీల్స్ చేద్దామనో, ఏదో ఒక కారణం చెప్పి "ముప్పై వేలల్లో మంచి కెమెరా ఏమన్నా ఉందా" అని అడిగేవాళ్ళు నాకు తరచూ తగుల్తుంటారు. ఉంది. సెకండ్ హ్యాండ్ అయితే ఇంకా తక్కువలో కూడా మంచిది దొరుకుతుంది, అవే డబ్బులకి ఫోన్ కంటే ఘోరంగా ఫొటోలు తీసే డబ్బా కూడా దొరుకుతుంది. మోడల్ పేర్లు తర్వాత చెప్తా, ముందు మీకు కెమెరా అసలు అవసరమా కాదా అన్నది తేల్చుకోవాలి, దానికి పైసా ఖర్చు లేదు, చేతిలో ఉన్న ఫోన్ చాలు.

గ్యాలరీ తెరిచి గత ఏడాదిలో తీసిన వాటిల్లో "అబ్బా, ఇది సరిగ్గా వచ్చుంటే ఎంత బాగుండేది" అనిపించిన ఫొటోలు ఒక పాతిక ముప్పై ఏరి విడిగా ఆల్బమ్‌లో వేసుకోండి. బాగొచ్చిన వాటి జోలికి పోవద్దు, చెడిపోయినవే కావాలి. ఇప్పుడు ఒక్కోటీ ఎందుకు చెడిందో చూడండి. స్కూల్ యాన్యువల్ డేలో బాబు స్టేజీ మీద డాన్స్ చేస్తుంటే మీరు ఎక్కడో వెనక వరసలో కూర్చుని జూమ్ చేస్తే మొహం అలికేసినట్టు వచ్చిందా? పరిగెత్తే పిల్ల కాళ్ళూ చేతులూ సాగిపోయాయా? చెరువులో కొంగ తెల్ల చుక్కలా పడిందా? పోర్ట్రెయిట్ మోడ్‌లో అమ్మమ్మ కళ్ళజోడు అంచూ, చెవి దుద్దూ వెనక గోడతో పాటే మసకైపోయాయా? ఇవన్నీ దూరం, కదలిక, వెనక బ్లర్, ఈ మూడు రకాల్లోకే వస్తాయి, వీటికి మాత్రం అసలు కెమెరా బాగా పనికొస్తుంది.

అలా కాకుండా మీ ఆల్బమ్ నిండా రాత్రి ట్యూబ్‌లైట్ కింద తీసిన గ్రూప్ ఫొటోలు, వెనక ఆకాశం తెల్లగా కాలిపోయిన గుడి గోపురాలు, సెల్ఫీలు, ప్లేట్లో బిర్యానీ ఫొటోలు ఉన్నాయనుకోండి, ఆగండి. ఇక్కడ చవక కెమెరా మిమ్మల్ని ఇంకా నిరాశపరుస్తుంది. ఎందుకంటే ఫోన్ మీరు ఒక్కసారి నొక్కితే వెనకాల వరసగా చాలా ఫ్రేములు తీసి, వాటిని కలిపి, నీడలు లేపి, ఆకాశాన్ని అణిచి, నాయిస్ తుడిచేసి మరీ మీకు చూపిస్తుంది. ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్‌లో (లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరాల్లో మొదటి మెట్టు) మామూలుగా ఒక క్లిక్‌కి ఒక ఫ్రేమే, ఆ తర్వాత పనంతా మీరు రా ఫైల్ (కెమెరా మెరుగులు దిద్దకుండా ఇచ్చే ముడి ఫైల్) తీసి కంప్యూటర్లో కూర్చుని చేసుకోవాలి. ఆ ఓపిక ఉందా లేదా అన్నది మీకే తెలుసు. లేకపోతే అదే డబ్బు వచ్చేసారి ఫోన్ మార్చేటప్పుడు కలపండి, అదే సరైన ఖర్చు, ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

ఇంకో మాట, ఆ ఆల్బమ్‌లో అసలు పది ఫొటోలు కూడా పోగవకపోతే కెమెరా ఆలోచన కొన్నాళ్ళు పక్కన పెట్టేయొచ్చు.

ఒక ఉదాహరణ కాస్త వివరంగా చూద్దాం. బతుకమ్మ ఆడుతున్నారు, పొద్దుగూకింది, కాలనీ లైట్లు వేశారు, ఆడవాళ్ళు చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతున్నారు. ఫోన్ నైట్ మోడ్‌లో కదలకుండా ఉన్న బతుకమ్మ పూలు బ్రహ్మాండంగా వస్తాయి, తిరిగే చేతులు మాత్రం దెయ్యంలా రెండు మూడు నీడలుగా పడతాయి. అక్కడ చెయ్యి ఆగినట్టు రావాలంటే షట్టర్ సెకనులో 250వ వంతు లేదా అంతకంటే తక్కువ సేపే తెరుచుకోవాలి. ఇప్పుడు కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ పెట్టి 55 మి.మీ. దగ్గరికి జూమ్ చేస్తే దాని అపర్చర్ (వెలుతురు లోపలికొచ్చే రంధ్రం, ఎఫ్ పక్కన నెంబరు ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది) ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు, ఆ వెలుతురులో ఐఎస్ఓ (తక్కువ వెలుతురుని పెంచి చూపే సెట్టింగు) 6400కో ఇంకా పైకో పోతుంది, ఫొటో అంతా ఇసక చల్లినట్టు గరుకుగా వస్తుంది, "ఇంత డబ్బు పోసి కొంటే ఇదా" అనిపిస్తుంది. అదే కెమెరాకి 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్ తగిలిస్తే దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికొస్తుంది, ఐఎస్ఓ 640 దగ్గర సరిపోతుంది. బాడీ (లెన్స్ తీసేసిన కెమెరా) అదే, మనిషీ అదే, లెన్స్ ఒక్కటే మారింది. అందుకే నేను అడిగినవాళ్ళందరికీ ఒకటే చెప్తా, బడ్జెట్ చిన్నదైతే బాడీ మీద మిగిల్చి లెన్స్ మీద పెట్టండి. కిట్ లెన్స్‌తోనే సరిపెట్టుకుంటా, ఇంకేమీ కొనను అనుకునేవాళ్ళు పగటి వెలుతురులో తీసే పనైతేనే కెమెరాకి వెళ్ళండి.

ఇక మార్కెట్లో ఏముందో చూద్దాం. అన్నిటికంటే కింద ఆన్‌లైన్లో నాలుగైదు వేల నుంచి ఎనిమిది వేల దాకా కనిపించేవి, పేరు ఎప్పుడూ వినని బ్రాండ్లు, "48 మెగాపిక్సెల్, 4కె, 16ఎక్స్ జూమ్" అని పెద్ద అక్షరాలతో ఉంటాయి. దయచేసి వీటి జోలికి పోకండి, పిల్లలకి బొమ్మగా ఇవ్వడానికైతే మీ ఇష్టం. ఆ పేజీలో కిందకెళ్ళి స్పెసిఫికేషన్స్‌లో "ఆప్టికల్ జూమ్" అన్న లైన్ వెతకండి, చాలావాటిలో ఉండదు, ఉన్నదంతా డిజిటల్ జూమ్, అంటే ఫొటోని కోసి పెద్దది చెయ్యడం, అది మీ ఫోన్లో రెండు వేళ్ళతో మీరే చేసుకోగలరు. సెన్సార్ (వెలుతురుని ఫొటోగా మార్చే చిప్పు) సైజు ఎంతో రాయకపోయినా అనుమానించాల్సిందే. ఆ 48 మెగాపిక్సెల్ కూడా చాలావాటిలో చిన్న సెన్సార్ ఇచ్చిన ఫొటోని సాఫ్ట్‌వేర్‌తో సాగదీసిన లెక్కే.

మెగాపిక్సెల్ గురించి ఇక్కడే తేల్చేద్దాం. 18 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చే ఫొటో 5184 బై 3456 పిక్సెళ్ళు, దాంతో పెళ్ళి ఆల్బమ్ 12×18 షీటు అంగుళానికి 288 పిక్సెళ్ళతో ప్రింట్ కొట్టొచ్చు, ల్యాబు వాళ్ళు అడిగే 300కి దాదాపు సమానం. కాబట్టి 18 ఉన్నా 24 ఉన్నా మన అవసరాలకి ఒకటే, ఆ నెంబరు చూసి ధర ఎక్కువ పెట్టొద్దు.

ఆ పైన పేరున్న చిన్న జేబు కెమెరాలు. కొడాక్ పిక్స్‌ప్రో ఎఫ్‌జెడ్45, ఎఫ్‌జెడ్55, పాత సోనీ డబ్ల్యూ830, కెనాన్ ఇక్సస్ లాంటివి. కొడాక్ అనగానే పాత రీలు కంపెనీ గుర్తొస్తుంది గానీ, ఈ కెమెరాలు ఆ పేరుని లైసెన్స్ తీసుకుని జేకే ఇమేజింగ్ అనే వేరే కంపెనీ తెస్తున్నవి. వీటన్నిట్లో ఉన్నది 1/2.3 అంగుళాల సెన్సార్, అంటే సుమారు 6.2 మి.మీ. వెడల్పు, 4.6 మి.మీ. ఎత్తు. ఇప్పుడొచ్చే మధ్యరకం ఫోన్లలో చాలావాటి మెయిన్ కెమెరా సెన్సారే దీనికంటే పెద్దది. కెనాన్ ఎంట్రీ డీఎస్ఎల్ఆర్‌లో ఉండేది 22.3 బై 14.9 మి.మీ., అంటే ఈ చిన్నదానికి విస్తీర్ణంలో దాదాపు 12 రెట్లు. ఈ తేడా ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పూర్తిగా పూడదు.

ఈ చిన్న కెమెరాలు ఎందుకు ఎదగలేదంటే కంపెనీలే వాటిని వదిలేశాయి. జపాన్ కెమెరా కంపెనీల సంఘం సీపా లెక్కల ప్రకారం 2010లో 12 కోట్ల పైచిలుకు డిజిటల్ కెమెరాలు షిప్ అయితే 2023కి అది 80 లక్షల లోపుకి పడిపోయింది, పోయినవాటిల్లో ఎక్కువ భాగం ఈ చిన్నవే, ఫోన్లు మింగేశాయి. అందుకే డబ్బాలో కొత్తగా వచ్చినా లోపల సరుకు పాతదే. కెనాన్ అయితే 2016 నాటి ఇక్సస్ మోడల్‌నే చిన్న చిన్న మార్పులతో 2025లో మళ్ళీ విడుదల చేసింది. మరి ఎవరు కొంటున్నారు అంటే, ఆ పాతకాలం డిజికామ్ లుక్, ఆ ఫ్లాష్ కొట్టిన మొహాలు ఇప్పటి కుర్రాళ్ళకి నచ్చాయి. ఆ లుక్కే కావాలనుకునేవాళ్ళు కొనండి, తప్పులేదు, కానీ కొత్తదానికి పన్నెండు పదిహేను వేలు పెట్టేముందు మీ ఇంట్లోనో, పిన్నివాళ్ళ ఇంట్లోనో బీరువాలో 2008 నాటిది ఏదైనా ఉందేమో అడగండి. దొరికితే మెమరీ కార్డు ఏదో చూడండి, 2010కి ముందు సోనీల్లో మెమరీ స్టిక్, పాత ఒలింపస్, ఫ్యూజీల్లో ఎక్స్‌డీ కార్డు వాడేవాళ్ళు, అవి ఇప్పుడు దొరకడం కష్టం. ఎస్‌డీ కార్డు పట్టేదైతే బ్యాటరీ ఉబ్బలేదని చూసుకుని వాడేసుకోవచ్చు. దూరంగా ఉన్నవి తియ్యాలి అనుకునేవాళ్ళకి మాత్రం ఆప్టికల్ జూమ్ ఉన్న జేబు కెమెరా ఎండలో ఓ మోస్తరు పని చేస్తుంది, సాయంత్రం అయితే వదిలెయ్యాలి.

అసలు ఆలోచించాల్సింది మూడో రకం, లెన్స్ మార్చుకునే ఎంట్రీ లెవెల్ కెమెరాలు. కెనాన్‌లో 3000డి, 1500డి, 200డి, నికాన్‌లో డి3400, డి3500, మిర్రర్‌లెస్‌లో (డీఎస్ఎల్ఆర్‌లా లోపల అద్దం లేని కొత్త రకం) కెనాన్ ఆర్100, ఆర్50. ఇందులో 3000డి కొత్తది కొనడం నాకైతే అస్సలు ఇష్టం లేదు. ధర తక్కువ చెయ్యడానికి లెన్స్ తగిలించే మౌంటు ప్లాస్టిక్‌ది పెట్టారు, స్క్రీన్ 2.7 అంగుళాలే, ఫ్లాష్ కూడా చేత్తో లాగాలి. కొంచెం పెంచి 1500డి తీసుకుంటే మెటల్ మౌంటు, 24 మెగాపిక్సెల్, 3 అంగుళాల స్క్రీను వస్తాయి, వ్యూఫైండర్లో కన్ను పెట్టి తీసే ఫొటోలకి అది నికరమైన కెమెరా. ఆర్100 2023లో వచ్చింది, ఫొటోలు బాగుంటాయి, కానీ స్క్రీను తిరగదు, టచ్ పనిచెయ్యదు, ఫోన్‌కి అలవాటుపడ్డ చేతికి ఇది రోజూ విసుగు తెప్పిస్తుంది.

అమెరికాలో ఉన్న అన్నయ్యో బావో వస్తున్నాడు, అక్కడ చవకంట, తెప్పించుకుందామా అంటారు కొందరు. అక్కడ రెబెల్ టీ7 అన్నది ఇక్కడి 1500డీనే, ఎస్ఎల్3 అంటే 200డి మార్క్ 2, పేర్లే వేరు. వారంటీ చాలావరకు కొన్న దేశానికే పరిమితం, అది మనసులో పెట్టుకుని ధర పోల్చండి, మిగిలేది రెండు మూడు వేలే అయితే ఇక్కడే బిల్లుతో కొనుక్కోవడం మేలు.

వీడియో కోసం అనుకునేవాళ్ళు ఈ పేరా జాగ్రత్తగా చదవండి. 3000డి, 1500డి, నికాన్ డి3400, డి3500, వీటిల్లో దేనికీ బయటి మైకు పెట్టే జాక్ లేదు. పైగా ఈ రెండు కెనాన్లలో వీడియో తీస్తున్నప్పుడు మీరు ఒక అడుగు ముందుకొస్తే ఫోకస్ వెతుక్కుంటూ ముందుకీ వెనక్కీ ఊగుతుంది, వంట ఛానల్ పెట్టి గరిటె చూపిస్తుంటే మూకుడు క్లియర్‌గా ఉంటుంది, గరిటె మసగ్గా ఉంటుంది. దానికి 200డి లేదా దాని మార్క్ 2 చూడండి, డ్యూయల్ పిక్సెల్ ఫోకస్ (వీడియోలో ఊగకుండా ఫోకస్ పట్టుకునే పద్ధతి) ఉంది, స్క్రీను మీ వైపుకి తిరుగుతుంది, మైక్ జాక్ ఉంది. బడ్జెట్ పెరిగితే ఆర్50. ఇవి రెండూ అందకపోతే ఉన్న ఫోన్‌కే ఒక కాలర్ మైకు, చిన్న ట్రైపాడ్, ఒక లైటు కొనండి, 1500డి కంటే మంచి వీడియో వస్తుంది, ఖర్చు అందులో పావు వంతు కూడా కాదు.

పక్షులంటే ఇష్టమా? గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఊరి చెరువులోనే గూళ్ళు కడతాయి కాబట్టి అక్కడ 55-250 లెన్స్ చాలు, పెద్ద ప్రొఫెషనల్ కెమెరాల సెన్సార్ కంటే ఎంట్రీ కెనాన్‌ది చిన్నది కాబట్టి దాని మీద 250 మి.మీ. కాస్తా 400 మి.మీ. చూపు ఇస్తుంది. పులికాట్‌లో ఫ్లెమింగోలు, కొల్లేరులో దూరంగా తేలే బాతులు కావాలంటే ఇది చాలదు, ఆ సరదా వేరే బడ్జెట్.

తేలక కొట్టుకుంటున్నవాళ్ళు ఒక పని చెయ్యండి, ఏదైనా ఫంక్షన్‌కి ఒక రోజు కెమెరా అద్దెకి తీసుకోండి. హైదరాబాద్, విజయవాడ, వైజాగ్‌లో ఆధార్ చూపించి కొంత అడ్వాన్స్ కడితే ఇచ్చేవాళ్ళున్నారు. కిట్ లెన్స్ ఒకటి, 50 మి.మీ. ఒకటి రెండూ తీసుకోండి. సాయంత్రానికి మెడలో ఆ బరువు మీకు హాయిగా ఉందా చిరాగ్గా ఉందా తెలిసిపోతుంది, నా దృష్టిలో ఫొటో క్వాలిటీ కంటే ఇదే పెద్ద ప్రశ్న. ఇంట్లో వదిలేసి వెళ్ళే కెమెరా ఎంత మంచిదైనా ఫొటో తియ్యదు కదా. ఆ రాత్రే ఫొటోలు కంప్యూటర్లోకి ఎక్కించి, ఏరి, ఇంట్లోవాళ్ళకి పంపారా లేక కార్డులోనే వారం ఉండిపోయాయా అన్నది కూడా గమనించుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితేనే మీరు పెట్టిన డబ్బు అవతలివాళ్ళకి కనిపిస్తుంది.

కొనాలనే తేలితే చవకలో నా ఓటు సెకండ్ హ్యాండ్‌కే. కెనాన్, నికాన్ రెండూ కొత్త మోడళ్ళన్నీ మిర్రర్‌లెస్‌లోనే తెస్తున్నాయి, పెళ్ళి ఫొటోగ్రాఫర్లు కూడా అటు మారుతున్నారు, అందుకని పాత డీఎస్ఎల్ఆర్ బాడీలూ లెన్సులూ బోలెడు అమ్మకానికి వస్తున్నాయి. కొత్త మోడళ్ళు రావని భయపడక్కర్లేదు, నేర్చుకునేవాడికి ఉన్న లెన్సులే ఏళ్ళకి సరిపోతాయి.

చూడ్డానికి వెళ్ళేటప్పుడు మీ సొంత ఎస్‌డీ కార్డు, కుదిరితే లాప్‌టాప్ పట్టుకెళ్ళండి. ముందు లెన్స్ విప్పి చేతిలోకి తీసుకోండి. ఫోన్ టార్చ్ వేసి ఒక వైపు నుంచి పెట్టి ఇంకో వైపు నుంచి ఏటవాలుగా చూడండి. దుమ్ము రేణువులు రెండు మూడు కనపడితే ఫరవాలేదు, సాలెగూడు పోగుల్లాగా సన్నగా పాకినట్టు ఉంటే అది ఫంగస్, లెన్స్ వెనక్కి ఇచ్చెయ్యండి, బేరం కూడా ఆడొద్దు. కెనాన్ లెన్సులు విప్పినప్పుడు అపర్చర్ తెరుచుకునే ఉంటుంది, నికాన్ లెన్సుల్లో చాలావాటికి వెనక చిన్న మీట ఉంటుంది, దాన్ని వేలితో మెల్లగా జరిపి పట్టుకుంటేనే లోపల కనిపిస్తుంది, అది తెలియక పైపైన చూసి వచ్చేస్తారు చాలామంది.

తర్వాత లెన్స్ తగిలించి అపర్చర్ ఎఫ్/16 పెట్టి, ఫోకస్ చెడగొట్టి, ఆకాశాన్నో తెల్ల గోడనో ఒక ఫొటో తియ్యండి. స్క్రీన్ మీద జూమ్ చేస్తే నల్ల మచ్చలు కనిపిస్తాయి, మెత్తటి అంచులతో ఉంటే సెన్సార్ మీద దుమ్ము, క్లీన్ చేయించుకోవచ్చు, గీతలాగా ఉంటే వద్దు. ఇప్పుడు లెన్స్ మూత పెట్టేసి పది సెకన్ల ఎక్స్‌పోజర్ ఇవ్వండి, ఎర్రవి తెల్లవి చుక్కలు ఒకటో రెండో ఉంటాయి, నక్షత్రాల్లా నిండిపోతే ఆలోచించాల్సిందే. లెన్స్‌ని మెల్లగా కదిలిస్తూ ఫోకస్ చెయ్యండి, కెనాన్ స్క్రీను మీద ఎర్ర్ 01 అని వచ్చిందంటే లెన్స్‌కీ బాడీకీ మధ్య కాంటాక్ట్ సరిగ్గా లేదని అర్థం, తుడిస్తే పోయిందా సరే, మళ్ళీ వస్తే లేచి వచ్చెయ్యండి.

షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో చూడాలి. నికాన్ అయితే తేలిక, అప్పుడే తీసిన ఒరిజినల్ జేపెగ్ ఫైల్‌లోనే ఆ నెంబరు దాగి ఉంటుంది, షట్టర్ కౌంట్ చూపించే సైట్లో అప్‌లోడ్ చేస్తే చెప్పేస్తుంది. ఎంట్రీ కెనాన్లలో ఫైల్‌లో ఉండదు, యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి సాఫ్ట్‌వేర్‌తో చదవాలి. డి3500 షట్టర్‌ని లక్ష క్లిక్కులకి పరీక్షించారు. ఇంట్లో వాడిన కెమెరాకి పది ఇరవై వేలు దాటవు, పెళ్ళిళ్ళకి తిరిగినదానికి లక్షలు దాటొచ్చు. లక్ష దాటగానే ఆగిపోతుందని కాదు, ధరలో మాత్రం అది కనపడాలి. ఫ్లాష్ తగిలించే హాట్‌షూ రంగు పూర్తిగా ఊడి మెరుస్తుంటే "ఇంట్లోనే వాడాం సార్" అన్న మాట నమ్మకండి.

లెన్స్ విషయంలో నికాన్ తీసుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. డి3400, డి3500 లాంటి డి3000 సిరీస్ బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. చవగ్గా వస్తుందని పాత 50 మి.మీ. ఎఫ్/1.8డి కొంటే చేత్తో ఫోకస్ తిప్పుకోవాల్సిందే, లెన్స్‌లోనే మోటారు ఉండే, ఏఎఫ్-ఎస్ అని రాసున్నదే తీసుకోండి, 35 మి.మీ. ఎఫ్/1.8జి అయితే ఇంట్లో తియ్యడానికి ఇంకా వీలుగా ఉంటుంది. అలాగే డి3200 లాంటి పాత బాడీల మీద ఏఎఫ్-పి అని రాసున్న కొత్త రకం మోటారు లెన్సులు ఫోకస్ చెయ్యవు. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లలో ఈ తలనొప్పి లేదు, 50 మి.మీ. ఎఫ్/1.8 ఎస్‌టీఎమ్ ఏ కెనాన్ డీఎస్ఎల్ఆర్ బాడీకైనా కూర్చుంటుంది, కాకపోతే ఎంట్రీ కెనాన్ల సెన్సార్ మీద అది 80 మి.మీ.లా చూపిస్తుంది కాబట్టి చిన్న గదిలో నలుగురు ఫ్రేములో పట్టరు, వెనక్కి జరగడానికి గోడ అడ్డం వస్తుంది. గదిలో తియ్యడమే ఎక్కువైతే 24 మి.మీ. ఎఫ్/2.8 ఎస్‌టీఎమ్ చూడండి.

ధర లెక్కేసేటప్పుడు కార్డు, ఇంకో బ్యాటరీ, బ్యాగు కలిపి నాలుగైదు వేలు పక్కన పెట్టుకోండి. కార్డు మాత్రం ఫుట్‌పాత్ మీద కొనొద్దు, నకిలీవి ఎక్కువ, పైన 64 జీబీ అని ఉంటుంది, సగం నిండాక ఫొటోలు తెరుచుకోవు, ఆ ఫొటోలు మళ్ళీ రావు. షాపువాళ్ళు కాంబో అని ఇచ్చే ట్రైపాడ్, ఫిల్టరుకి విలువ కట్టకుండా అవి లేకుండా ధరెంతో అడగండి.

వైజాగ్, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళవాళ్ళు గాలి దూరని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి, అందులో వెయ్యడానికి సిలికా జెల్ ప్యాకెట్లు మొదటి రోజే కొనుక్కోండి. జెల్ రంగు మారినప్పుడల్లా మార్చాలి, లేదా సన్న సెగ మీద వేడి చేసి మళ్ళీ వేసుకోవాలి. కెమెరా బ్యాగులో పెట్టి బీరువాలో నెలల తరబడి వదిలెయ్యకండి, వానాకాలంలో ఫంగస్ పట్టేది అక్కడే, లోపలి గ్లాసుకి పట్టాక దాన్ని విప్పి శుభ్రం చేయించే ఖర్చుతో ఇంకో సెకండ్ హ్యాండ్ కిట్ లెన్స్ వచ్చేస్తుంది.